స్తంభం కూల్చినవాళ్ళు, చరిత్ర రాసినవాళ్ళు

1918 నవంబరు 3. చెకొస్లొవేకియా పుట్టి వారం కూడా తిరగలేదు. ప్రాగ్ పాతపట్టణం కూడలిలో ఒక గుంపు మేరీమాత స్తంభానికి తాళ్ళు కట్టి లాగి పడేసింది. 1620లో తెల్లకొండ దగ్గర యుద్ధంలో చెక్ ప్రొటెస్టెంట్లను ఓడించిన హాబ్స్‌బర్గుల విజయచిహ్నం అదేనని వాళ్ళ నమ్మకం. నిజానికి 1648లో స్వీడన్ సేనల నుంచి నగరం బయటపడ్డందుకు మొక్కు చెల్లింపుగా లేపిన రాయి అది.

ఈ పొరపాటును ఒక్క గుంపు మీదే నెట్టేయలేం. అంతకు డెబ్బై ఏళ్ళ ముందు నుంచే చరిత్రకారుడు ఫ్రాంటిషెక్ పలాట్‌స్కీ చెక్ జాతి చరిత్రకు మతసంస్కర్త యాన్ హుస్ అనుచరుల కాలాన్ని శిఖరంగా నిలబెట్టాడు. 1895లో తత్త్వవేత్త మసారిక్ దానికి తత్త్వం జోడించాడు, ఆపైన దేశాధ్యక్షుడూ అయ్యాడు. ఆ కథలో కాథలిక్కు పరాయివాడు, హాబ్స్‌బర్గుల వియన్నా మనిషి.

మరి 1921 జనగణనలో? చెక్ ప్రాంతాల్లో పదిమందిలో ఎనిమిది మంది కాథలిక్కులే! లక్షలమంది చర్చిని వదిలేసిన తరవాతి లెక్క ఇది.

ఆ జనం ఓట్లతోనే యాన్ ష్రామెక్ అనే మొరావియా మతాచార్యుడు ప్రజాపార్టీని నడిపాడు. 1925 ఎన్నికల్లో దానికి 31 స్థానాలు తెచ్చాడు. రెండు దశాబ్దాల గణతంత్రంలో చాలా మంత్రివర్గాల్లో కూర్చున్నాడు. 1940 నుంచి లండన్ ప్రవాస ప్రభుత్వానికి ప్రధానమంత్రి. పోప్‌తో, మసారిక్‌తో, సోషలిస్టులతో ఒకేసారి బేరమాడగల మనిషి. ఇంతటివాడి పార్టీ మీద మంచి చరిత్ర పుస్తకం రావడానికి ఎన్నేళ్ళు పట్టాలి?

చాలా ఏళ్ళే పట్టింది. చరిత్రకారుడు యోసెఫ్ పెకార్ పలాట్‌స్కీ, మసారిక్‌ల కథను గట్టిగానే ఎదిరించాడు. కానీ ఆయన వాదించింది బరోక్ యుగం గురించి, పునీతుడు నెపొముక్ యాన్ గురించి. ఓట్లూ కూటములూ ఆయనకు పట్టలేదు. ఆ తరవాత కమ్యూనిస్టులు వచ్చారు. 1948లో ష్రామెక్ దేశం దాటబోయి దొరికిపోయాడు. 1956లో నిర్బంధంలోనే పోయాడు. అధికారిక చరిత్రకు చర్చి రాజకీయం అంటే అభివృద్ధి నిరోధకం, అంతే.

ఈ చరిత్ర మీద పడ్డ మూతను కాస్త తీసింది ప్రాగ్ కాదు, మొరావియా. అక్కడి ఒలొమౌత్స్ నగరంలో చరిత్రకారుడు మిలోష్ ట్రాప్ల్ 1968లోనే మొరావియా కాథలిక్కుల రాజకీయంపై పుస్తకం వేశాడు. ప్రజాపార్టీ మొత్తం మీద ఆయన పుస్తకం 1990లో వచ్చింది. ఒలొమౌత్స్‌లోనే మరో చరిత్రకారుడు పావెల్ మారెక్ 1918కి ముందటి కాథలిక్ ఉద్యమాల చిట్టా విప్పాడు. వీళ్ళ పుస్తకాల్లో సభలు, సీట్లు, నాయకులు నిండుగా కనిపిస్తారు. ఆదివారం పూజ అయ్యాక ఓటేయడానికి వెళ్ళిన పల్లెటూరి ఆడమనిషి మాత్రం దాదాపు కనబడదు. పార్టీ బలం అలాంటివాళ్ళ ఓట్లలోనే ఉందని తెలిసీ ఆమెను వదిలేయడం పెద్ద లోటే.

ట్రాప్ల్ పుస్తకం 1995లో ఇంగ్లీషులోనూ వచ్చింది. చెకొస్లొవేకియా గురించి చదవబోయేవారు పలాట్‌స్కీ పక్కన దాన్నీ పెట్టుకుంటే మంచిది.