నలభై రెండు రోజుల తరువాత తీసిన సొరుగు

ప్రత్యేక సంచికకు మన ఉద్యోగ జీవితాలతో ముడిపడిన ఏదైనా చరిత్ర రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు సకల జనుల సమ్మె గురించి రాస్తానన్నాను. "అది అందరికీ తెలిసిందే గదా, కొత్తగా ఏముంది?" అన్నారు. నిజమే, సమ్మె సంగతి అందరికీ తెలుసు. కానీ సమ్మె ముగిసిన మరునాడు పొద్దున ఆఫీసు తాళం తీసినప్పుడు లోపల ఏమున్నదో చెప్పుకున్నవాళ్లు తక్కువ. నాకు చెప్పాలని ఉన్నది ఆ పొద్దుటి సంగతే.

నేను 1979లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అప్పుడు మనది నిజామాబాదు జిల్లా. కామారెడ్డి ఒక తాలూకా, ఎల్లారెడ్డి ఒక తాలూకా. 1985లో మండలాలు వచ్చి తాలూకా ఆఫీసులు పోయినా నా బదిలీలు మాత్రం ఎక్కువగా ఆ రెండు ఊళ్ల నడుమనే తిరిగాయి. లింగంపేట మీదుగా పోయే బస్సులో కిటికీ పక్క సీటు నాకు పట్టా చేసి ఇచ్చినట్టే ఉండేది.

మొన్న మా మనుమరాలు అడిగింది, "తాతా, మీ ఆఫీసులో అంతమంది రోజంతా ఏం చేసేవాళ్లు?" అని. ఫోనులో వేలు ఆనిస్తే కబురు పోయే కాలంలో పుట్టిన పిల్లకు తపాలు గురించి ఎలా చెప్పాలి? ఒక కాగితం వచ్చిందంటే ముందు ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు. అధికారి చూసినట్టు పొడి సంతకం. ఏ సెక్షనుకు పోవాలో గుర్తు. ఆ గుమాస్తా దానిని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకోవాలి, నోట్ రాసి పైకి పెట్టాలి, ఆమోదమయ్యాక ఫెయిర్ కాపీ తీయించి డిస్పాచికి పంపాలి. ఈ పద్ధతి మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక మన వైపుకూ వచ్చింది. అంతకు ముందు నిజాం కాలంలో ఫైలును మిసిల్ అనేవారు, రాతకోతలన్నీ ఉర్దూలో. నేను చేరిన నాటికి కూడా రికార్డు గదిలో ఉర్దూ మిసిళ్ల కట్టలు ఎర్రగుడ్డలో మూటకట్టి ఉండేవి. వాటిని గడగడా చదవగలిగిన మా హెడ్ క్లర్కు గారే నాకు పని నేర్పిన గురువు.

ఆయన 1969 చూసిన మనిషి. ఆ ఏడు జూన్‌లో కె.ఆర్. ఆమోస్ గారి నాయకత్వంలో తెలంగాణ ఎన్జీవోలు సమ్మెకు దిగారు. వీరంతా తిరిగి విధుల్లో చేరేసరికి జూలై వచ్చి ఫసలీ మారిపోయిందట. పాత ఫసలీ లెక్కలు తేలలేదు, కొత్త ఫసలీ పహాణీలు తెరవాలి, జమాబందీ ముందున్నది, బల్లల మీద తపాలు కొండలా ఉన్నది. అప్పుడు తాను చేసిన పని ఆయన నాకు పాఠంలా చెప్పేవారు. "కుప్పను పైనుంచి ముట్టుకోకు, కిందినుంచీ ముట్టుకోకు. అంతా బల్ల మీద పరువు. కోర్టు కాగితాలు ఒక దిక్కు, అసెంబ్లీ ప్రశ్నలు ఒక దిక్కు, ఆడిట్ ఒక దిక్కు, పై అధికారుల డి.ఓ. ఉత్తరాలు ఒక దిక్కు పెట్టు. అర్జీలు ఆఖరున చూడు. అర్జీ ఎక్కడికీ పోదు." ఈ సూత్రం నాకు ముప్పై ఏళ్లు వేదవాక్కు. 1986లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా జరిగిన సుదీర్ఘ ఎన్జీవో సమ్మె తరువాత కూడా దీన్నే పాటించాను. బకాయిలు తీరాయి, నాకు మంచి పేరూ వచ్చింది.

ఇక 2011. ఫిబ్రవరి 17 నుంచి మార్చి 4 వరకు సహాయ నిరాకరణ చేశాం. అప్పుడు కొద్దిరోజులే గనుక తపాలు పెద్దగా పేరుకోలేదు. ఆ తరువాత సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలయింది. (1948లో పోలీసు చర్య మొదలయినదీ సెప్టెంబరు 13నే. శిబిరంలో ఈ మాట చెబితే చిన్న పిల్లలు ఆశ్చర్యపోయారు.) సింగరేణి కార్మికులు గనుల్లో దిగడం మానారు, ఆర్టీసీ బస్సులు ఆగాయి, ఉపాధ్యాయులు బడులు వదిలి వచ్చారు. నా కిటికీ సీటు బస్సు కూడా డిపోలో నిలబడింది. రోజూ మోటారు సైకిలు మీద శిబిరానికి పోయి వచ్చేవాణ్ణి. రోడ్డు మీద వంటా వార్పు, ధూం ధాం, ఆడబిడ్డల బతుకమ్మ. ఆ దినాల్లో మా గొంతులు ఎప్పుడూ బొంగురుగానే ఉండేవి.

పని చేయకుంటే జీతం లేదనే 177 జీ.ఓ. మా నెత్తి మీద ఉన్నది. సెప్టెంబరు జీతం చేతికి రాకుండానే అక్టోబరు 6న దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు కొత్త బట్టలు లేవు. కిరాణా దుకాణం సేటు మాత్రం "సారూ, తెలంగాణ వచ్చినంక ఇయ్యుండ్రి" అని సరుకులు ఇచ్చాడు. అందరం జమ్మి ఇచ్చిపుచ్చుకొని, అలాయ్ బలాయ్ తీసుకొని, మళ్లీ శిబిరానికే పోయాం. ఈ ఘట్టం గురించి పాటలున్నాయి, పుస్తకాలున్నాయి, కనుక ఇంతటితో ఆపుతాను.

అక్టోబరు 24 సోమవారం రాత్రి సమ్మె తాత్కాలికంగా వాయిదా పడిందని టీవీలో చెప్పారు. మరునాడు మంగళవారం, ఎల్లుండి దీపావళి. అప్పుడు నేను కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమనున్న ఒక మండల కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఊరి పేరు చెప్పను, ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకే పోయాను. తాళం తుప్పు పట్టి అటెండరు కిరోసిన్ పోస్తే గాని తిరగలేదు. లోపల బూజు, బల్లుల రెట్టలు, సెప్టెంబరు 12న తాగి వదిలిన చాయ్ గ్లాసుల్లో ఎండిపోయిన మరకలు. గోడ క్యాలెండరు సెప్టెంబరు దగ్గరే ఆగిపోయి ఉన్నది. పోస్టుమ్యాన్ కిటికీ సందులోంచి వేసిన కవర్లు నేల మీద జారి తలుపు దాకా వచ్చాయి. వాటిని ఎత్తితే గోనెసంచి నిండింది.

అది కళ్లకు కనిపించే కుప్ప. కనబడనిది ఇంకొకటి ఉన్నదని అరగంట తరువాత తెలిసింది. అప్పటికి కొన్నేళ్లుగా మా ఆఫీసులకు ఈ-మెయిలు వచ్చింది. జిల్లా కేంద్రం నుంచి వచ్చే ఉత్తరాలు సగం దానిలోనే. ఆఫీసు మొత్తానికి ఒకటే కంప్యూటరు, దాని ముందు ఒప్పందం మీద పనిచేసే ఒక కుర్రవాడు. కరెంటు ఉన్నప్పుడు తెరిచి, "సార్, ఇది కిందికి పోతనే ఉన్నది, ఒడుస్తలేదు" అన్నాడు. చదవని మెయిళ్లు! కొంతసేపు లెక్కపెట్టి మానుకున్నాం. అన్నిటికంటే కొత్తది పైన, పాతది అట్టడుగున. ఒకే విషయం మీద మొదటి ఉత్తరం, దానికి రిమైండరు, రిమైండరుకు రిమైండరు. వాటి గడువు తేదీలు ఎప్పుడో దాటిపోయాయి. సమ్మె సంగతి పంపినవాళ్లకు తెలియకపోలేదు. అయినా రిమైండరు పంపకపోతే వాళ్ల ఫైలులో లోటు కనిపిస్తుంది గదా. నేనూ ముప్పై ఏళ్లు అదే పని చేశాను.

పాత అలవాటు కొద్దీ హెడ్ క్లర్కు గారి సూత్రం మొదలుపెట్టాను. కవర్లు బల్ల మీద పరిపించాను. మెయిళ్లలో ముఖ్యమైనవి అచ్చు తీయమని కుర్రవాడికి చెప్పాను. కోర్టువి, ఆడిటువి, డి.ఓ.లు వేరవుతున్నాయి. పదకొండు గంటల వేళ ఒక ఆమె వచ్చి తలుపు పక్కన నిలబడింది. నలభై దాటిన మనిషి, భర్త లేడు, కూలి చేసుకొని బతుకుతుంది. శిబిరంలో బతుకమ్మ ఆడిన వాళ్లలో ఆమెను చూసినట్టు కూడా గుర్తుకొచ్చింది.

"సారూ, నా కాయితం అయిందా?" అన్నది.

నేను అలవాటుగా "అమ్మా, ఇయ్యాల్నే తెరిచినం, కుప్పలో ఉంటది, వారం పది రోజులకు రా" అన్నాను.

"కుప్పల లేదు సారూ. మీ డ్రాయర్ల ఉన్నది. మీరే పెట్టిండ్రు, నేను సూసిన."

గుండె గుభేలుమన్నది. సెప్టెంబరు 12, సోమవారం, అర్జీలు తీసుకునే రోజు. ఆమె బిడ్డకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయ ధ్రువపత్రం కావాలి. గిర్దావర్ రిపోర్టు కూడా అయిపోయింది. నేను రెండు వాక్యాల నోట్ రాసి పెడితే తహసీల్దార్ గారు సంతకం చేసేవారు. అది అయిదు నిమిషాల పని. ఆ సాయంత్రం అందరం రేపటి శిబిరం గురించి మాట్లాడుకుంటున్నాం, బ్యానర్లు రాయిస్తున్నాం. "రేపు చూద్దాం" అని ఆ కాగితాన్ని సొరుగులో వేసి, తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకొని ఇంటికి పోయాను. రేపు లేదని నాకు తెలుసు. నోటికి అలవాటైన మాట అది.

అదే తాళం చెవి నలభై రెండు రోజులు మా ఇంట్లో దేవుని పటం కింద ఉన్నది.

సొరుగు తీశాను. కాగితం వేసినట్టే ఉన్నది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. "మీరు కొట్లాడింది మా కోసమే గద సారూ. మా పోరడు గూడ మీ ఎంబడే తిరిగె. గని ఒక్క సంతకం పెట్టిచ్చి పోతె ఏమయితుండె?" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటికే ఆమె బిడ్డ చదువు ఆగకూడదని పుస్తెలతాడు కుదువబెట్టి మొదటి దఫా ఫీజు కట్టిందని తరువాత తెలిసింది.

ఆ కాగితం అప్పుడే నోట్ రాసి నేనే తీసుకుపోయి సంతకం చేయించాను. తరువాత బల్ల దగ్గరికి వచ్చి పరిచిన కుప్పలను చూస్తుంటే మా హెడ్ క్లర్కు గారి సూత్రంలోని లోపం మొదటిసారి కనబడింది. కోర్టు తాను గుర్తు చేస్తుంది. ఆడిట్ గుర్తు చేస్తుంది. పై ఆఫీసు మెయిలు మీద మెయిలు పెడుతుంది. అర్జీ పెట్టుకున్న మనిషి ఒక్కతే రిమైండరు రాయలేనిది. ఆమె చేయగలిగిందల్లా బస్సులు లేని రోజుల్లో నడిచి వచ్చి, తాళం చూసి, తిరిగిపోవడం. ఆమె అట్లా రెండుసార్లు వచ్చి పోయిందని ఎదురుగా ఉన్న చాయ్ హోటలు అతను చెప్పాడు. ఆయనను తప్పుపట్టడం లేదు. ఆయన నేర్చుకున్న కాలం అది, నాకు నేర్పిన రోజుల్లో నేనూ ఎదురు ప్రశ్న వేయలేదు.

తహసీల్దార్ గారి దగ్గరికి పోయి జరిగినదంతా దాచకుండా చెప్పాను. మెమో ఇస్తారనుకున్నాను. ఆయన కొంతసేపు ఊరుకొని, "అయితే ముందు సొరుగులన్నీ తీయించండి" అన్నారు. తీయిస్తే నావంటి వాళ్లు ఇంకా ఉన్నారు. చదువులకు, పింఛన్లకు, ఆసుపత్రికి సంబంధించిన ధ్రువపత్రాలు ఎన్నో బయటపడ్డాయి. దీపావళి నాడు మధ్యాహ్నం వరకు కూర్చున్నాం. ఎవరూ రమ్మనలేదు, ఓవర్‌టైము లేదు. శిబిరంలో కలిసి తిన్న అలవాటు ఇంకా పోలేదేమో, ఒకరు ఇంటి నుంచి అన్నం డబ్బా తెస్తే అందరం పంచుకున్నాం. మెయిళ్లకు మాత్రం ఒక ఉపాయం చేశాం. ఒక్కో విషయంలో ఆఖరి రిమైండరు ఒక్కటే అచ్చు తీసి మిగిలినవి వదిలేశాం. ఆఖరిదానిలో అన్నీ ఉంటాయి. గడువు దాటిన స్టేట్‌మెంట్లు కొన్ని పంపనే లేదు. ఒక్కరూ అడగలేదు! అన్ని రిమైండర్లు వచ్చిన కాగితం అక్కరలేనిదైతే దాన్ని అసలు ఎందుకు అడిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మొత్తం బకాయి తీరేసరికి సంక్రాంతి దగ్గరికి వచ్చింది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ నలభై రెండు రోజులను తరువాత ప్రభుత్వం ప్రత్యేక ఆకస్మిక సెలవుగా పరిగణించింది. మన సర్వీసు రిజిస్టర్లలో ఆ ఖాళీ పూడింది. 2016 అక్టోబరు 11న, అది కూడా దసరా నాడే, కామారెడ్డి జిల్లా అయింది, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ అయింది. అప్పటికి నేను పదవీ విరమణ చేసి ఏడాది దాటింది.

ఆమె సంగతి కూడా చెప్పాలి. ఫీజు డబ్బు ఆ తరువాతి ఏడాది వచ్చింది. పుస్తెలతాడు విడిపించుకున్నది గాని, కుదువ మీద వడ్డీ ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. నేను ఇస్తానంటే తీసుకోలేదు. "మీ జీతం గూడ పాయె గద సారూ" అన్నది. బిడ్డ చదువు పూర్తిచేసి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నదని విన్నాను.

2011 తరువాత నా సర్వీసు ఇంకా నాలుగేళ్లున్నది. ఆ నాలుగేళ్లూ సాయంత్రం సొరుగుకు తాళం వేసే ముందు లోపల ఏమున్నదో ఒక చిట్టీ మీద రాసి, ఆ చిట్టీని, రెండో తాళం చెవిని అటెండరుకు ఇచ్చి పోయేవాణ్ణి. అతను మొదట్లో నవ్వేవాడు. తరువాత తానే అడిగి తీసుకునేవాడు.