కండరాల విద్యుత్తు: చెవితో విన్న కాలం నుండి యంత్రం లెక్కించే కాలం వరకు

చేతులూ కాళ్లూ బలహీనపడిన రోగిలో లోపం నరంలో ఉన్నదా, కండరంలో ఉన్నదా? పైకి రెండూ ఒకే విధంగా కనిపించవచ్చును. కాని చికిత్స, రోగి భవిష్యత్తు, బిడ్డలకు వ్యాధి సంక్రమించే అవకాశం చాలవరకు ఆ సమాధానంపైనే ఆధారపడి ఉంటాయి. ఇ.ఎమ్.జి. పరీక్ష చరిత్ర ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే.

మనిషి తన ఇచ్ఛతో కండరం బిగించినప్పుడు విద్యుత్తు పుడుతుందని 1849లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు డ్యు బోయ్-రేమండ్ గాల్వనోమీటరుతో చూపారు. చర్మం అడ్డు తగ్గించడానికి చేతిపై బొబ్బ పుట్టించి, పై పొర తొలగించి మరీ కొలిచారు! వైద్యునికి పనికివచ్చే సాధనం మాత్రం 1929లో వచ్చింది. ఏడ్రియన్, బ్రాంక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంజెక్షను సూదిలో సన్నని తీగ అమర్చి కండరంలోకి పంపి, ఆ సంకేతాన్ని లౌడ్‌స్పీకరులో విన్నారు.

ఆ తరువాత కొన్ని దశాబ్దాలు ఇది చెవి విద్యగానే సాగింది. నరం దెబ్బతిన్న కండరం విశ్రాంతిలో కూడ రేకుల కప్పుపై వాన చినుకుల వలె టపటపమంటుంది. బిగిసిన కండరం వెంటనే సడలని మయోటోనియాలో వినిపించే ధ్వనిని పాశ్చాత్యులు బాంబులు వేయడానికి కిందికి దూకే యుద్ధవిమానంతో పోల్చారు. మన చెవికి మోటారుసైకిలు యాక్సిలరేటరు తిప్పి వదలినట్లుంటుంది. అయితే ఇద్దరు వైద్యులు ఒకే ధ్వనిని ఒకే విధంగా అర్థం చేసుకొంటారన్న హామీ ఏది?

కోపెన్‌హాగెన్‌లో ఫ్రిట్జ్ బుఖ్తాల్ కొలతతో జవాబిచ్చారు. వెన్నుపాములోని ఒక నాడీకణమూ, దాని ఆజ్ఞకు లోబడిన కండర తంతువులూ కలిసి ఒక మోటార్ యూనిట్. నాడీకణాలు కొన్ని నశిస్తే, మిగిలినవి అనాథలైన తంతువులను చేరదీస్తాయి. తరంగం ఎత్తుగా, దీర్ఘంగా మారుతుంది. కండరమే క్షీణిస్తే తంతువులు తగ్గి తరంగం చిన్నదై కురుచవుతుంది. కనీసం 20 తరంగాల నిడివి కొలిచి, సగటును అదే వయసు ఆరోగ్యవంతుల సగటుతో పోల్చాలన్నారాయన. కొలవవలసినవి మిల్లీసెకన్లు, అదీ చేతితో! రద్దీ ఆసుపత్రిలో అంత ఓపిక ఎవరికుంటుంది?

1964లో లండన్‌లో విల్లిసన్ తరంగాలను విడదీసే ప్రయత్నమే మానివేశారు. రోగి నిర్ణీత బరువు మోస్తుండగా, గజిబిజిగా వచ్చే సంకేతం ఎన్నిసార్లు దిశ మార్చుకొన్నదో లెక్కించారు. 100 మైక్రోవోల్టులకు తక్కువైన మలుపులను వదలివేశారు. కండర వ్యాధిలో మలుపులు ఎక్కువ. ఇది కేవలం లెక్కింపు కనుక యంత్రానికి అప్పగించడానికి వీలైనది. స్వయంచాలక విశ్లేషణకు అసలు పునాది ఇదేనని నా అభిప్రాయం. లోపం లేకపోలేదు: ఆరోగ్యవంతునికి తేలికైన బరువు క్షీణించిన చేతికి కొండంత. 1983లో స్వీడన్‌లోని ఉప్సాలాలో స్టాల్‌బర్గ్ బృందం బరువు ప్రసక్తి లేకుండా, వేర్వేరు బలాలతో బిగించినప్పటి మలుపులనూ ఎత్తునూ గ్రాఫుపై చుక్కలుగా గుర్తించి, ఆరోగ్యవంతుల చుక్కలు చేరే 'మేఘానికి' వెలుపల ఎన్ని పడినవో చూసింది.

ఒకదానిపై ఒకటి పడిన తరంగాలను ఆకారాన్ని బట్టి విడదీసే కంప్యూటరు ప్రోగ్రాములు కూడ ఆ దశకంలోనే వచ్చాయి. నేటి కృత్రిమ మేధ వాటి వారసురాలే. బాల్యంలో పోలియో సోకిన వృద్ధుని కాలిలో సూది పెడితే తరంగాలు ఎత్తుగానే వస్తాయి. యంత్రం 'నరాల లోపం' అని సరిగానే అంటుంది. ఎప్పుడో ఐదేళ్ల వయసులో జ్వరం వచ్చి కాలు పడిపోయిందన్న సంగతి మాత్రం ఆ వృద్ధుని అడిగి తెలుసుకోవలసిందే.