34కు చాలని 29

రెండో ప్రపంచయుద్ధంలో, నల్లవారినీ తెల్లవారినీ వేరుగా నిలబెట్టిన అమెరికా సైన్యం కోసం పసిఫిక్ దీవుల్లో రన్‌వేలు వేసి వచ్చారు హెరాల్డ్ వాషింగ్టన్. తిరిగొచ్చాక, అన్ని జాతులకూ తలుపులు తెరిచిన రూజ్‌వెల్ట్ కాలేజీలో చేరారు. 1952లో నార్త్‌వెస్టర్న్‌లో లా పట్టా పుచ్చుకున్నారు.

1983లో చికాగోకు తొలి నల్లజాతి మేయర్ అయ్యారు. అసలు పోరు అప్పుడే మొదలైంది. నగర సభలోని 50 మందిలో 29 మంది ఎదురు తిరిగి, ఆయన నియామకాలను తొక్కిపెట్టారు. అయితే మేయర్ వీటోను తోసిపుచ్చాలంటే 34 ఓట్లు కావాలి; అంత బలం వాళ్లకు లేదు. ఆ లెక్క మీదే మూడేళ్లు నెట్టుకొచ్చారంటే ఎంత గుండెనిబ్బరం!

1986లో కోర్టు ఆదేశంతో కొన్ని వార్డుల్లో మళ్లీ ఎన్నికలు జరిగి, సభ 25–25గా చీలింది. ఇక మేయర్ ఓటే తీర్పు.

మరుసటి ఏడు రెండోసారి గెలిచారు. ఆ నవంబర్ 25న సిటీ హాల్‌లో, తన బల్ల దగ్గరే గుండెపోటుతో ఒరిగిపోయారు.