లివర్‌పూల్ న్యూసెన్సు ఇన్‌స్పెక్టరు

ఆంగ్లదేశపు ప్రజారోగ్య చరిత్రను సాధారణముగా 1847 జనవరి 1వ తేదీతో ఆరంభింతురు. ఆనాడు లివర్‌పూల్ నగరపాలక సంఘమునకు డాక్టర్ విలియం డంకన్ ఆరోగ్యాధికారి యయ్యెను. బ్రిటనులో అట్టి పదవి అదియే మొదటిది. కాని అంతకు మూడేండ్ల ముందే, 1844లో, థామస్ ఫ్రెష్ అను నాతడు అచ్చట న్యూసెన్సుల ఇన్‌స్పెక్టరుగా నియమితుడై వాడవాడ తిరుగుచుండెను. ఇతడు వైద్యుడు కాడు. చరిత్ర గ్రంథములు వైద్యుని కీర్తించినంతగా ఇతనిని తలపవు.

లివర్‌పూల్‌లో నాడు వేలకొలది బీదలు వీధి మట్టమునకు దిగువనున్న నేలమాళిగలలో కాపురముండిరి. వెలుతురు లేదు, దొడ్లనుండి మురుగు గోడలలోనికి ఊరుచుండెను. 1842లో చాడ్విక్ ప్రకటించిన నివేదిక ప్రకారము ఆ నగరమున మరణించిన వారి సగటు వయస్సు సంపన్నులలో 35 ఏండ్లు, కూలివారిలో 15 ఏండ్లు. శిశుమరణముల వలన ఈ సగటు మిక్కిలి తగ్గినదన్నది నిజమే. అంతమాత్రమున ఆ అంకె భయంకరము కాకపోదు.

1846నాటి లివర్‌పూల్ పారిశుద్ధ్య శాసనము వైద్యుని, ఇంజనీరును, ఇన్‌స్పెక్టరును ఒక్క కాడికి కట్టినది. ఇంజనీరు జేమ్స్ న్యూలాండ్స్ భూగర్భపు మురుగుకాలువలను పన్నెను. ఇన్‌స్పెక్టరు పని వేరు. ఇంటి గడప దాటి లోనికి పోవలెను, దొడ్డి చూడవలెను, యజమానికి నోటీసు ఇయ్యవలెను. ఇల్లు ఎవరి సొత్తో వారిదేయని నమ్మిన ఆ కాలమున ఇది చిన్న సాహసము కాదు.

1847లో కరవు తాళలేక ఐర్లండునుండి సుమారు మూడు లక్షల మంది ఆ రేవున దిగిరి. టైఫస్ జ్వరము చెలరేగెను. అధికారులు నేలమాళిగలను ఖాళీ చేయించిరి. ఖాళీ చేసినవారు పోవలసిన చోటు ఏది? పైయంతస్తులలో అప్పటికే క్రిక్కిరిసిన గదులే. శాసనము తలుపు మూయగలిగినది గాని, ఇల్లు చూపలేకపోయినది. దుర్గంధమే వ్యాధికి మూలమన్న డంకన్ సిద్ధాంతము తరువాత తప్పని తేలెను. అయినను మురికి తొలగించుట వలన మేలే జరిగినది.

లండనులోని పారిషు సంఘములు ఆరోగ్యాధికారిని, ఇన్‌స్పెక్టరును నియమింపవలెనని 1855నాటి చట్టము నిర్బంధించెను. ఆ సంఘములలో అద్దెయిండ్ల యజమానులు పలువురుండిరి. నోటీసు ఇయ్యవలసినది ఒక్కొక్కప్పుడు జీతమిచ్చు వారికే! చురుకైన ఇన్‌స్పెక్టరు కొలువు ఎంత క్లిష్టమో ఊహింపవచ్చును. ఆరోగ్యాధికారి నియామకము 1872లో ఆంగ్లదేశమంతటను తప్పనిసరి యయ్యెను.

ఫ్రెష్ 1861లో మరణించెను. లివర్‌పూల్‌కు ఉత్తరమున, ఫార్మ్‌బీ చెంత, ఇసుక నేలల నడుమనున్న ఫ్రెష్‌ఫీల్డ్ అను ఊరికి ఆ పేరు ఇతని వలననే వచ్చినదందురు. అచ్చట రైలు స్టేషను కూడ కలదు.