హబ్సిగూడ ల్యాబూ, మా మెట్ట ఊళ్లూ

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగారు. నోట నురగ, వాంతులు, కళ్లు తిరగడం. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య ఆరు వందలకు చేరింది, ఒకరు ప్రాణం కోల్పోయారు. కరోనా భయం ఇంకా వదలని రోజులవి. ఏలూరుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని మా చింతలపూడిలోనైనా, ఇటు నూజివీడు తోటల్లోనైనా అందరిదీ ఒకటే ప్రశ్న: ఇది అంటుకునేదా?

ఆ ప్రశ్నకు జవాబు కోసం నమూనాలు వెళ్లిన చోట్లలో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఒకటి. ఢిల్లీ ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) కూడా రంగంలోకి దిగాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు చివరకు ప్రభుత్వానికి చెప్పారు. అంటురోగం కాదని తెలియడమే అప్పట్లో మాకు కొండంత ఊరట. రోగం పేరు చెప్పే ల్యాబు ఎంత అవసరమో, ఏది కాదో తేల్చే ల్యాబు అంతే అవసరం.

స్వర్ణోత్సవానికి చేరువైన సీసీఎంబీ 1977 ఏప్రిల్ 1న పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో, అప్పటి ప్రాంతీయ పరిశోధనశాల నీడలో మొదలైంది. హబ్సిగూడలో సొంత భవనాన్ని 1987 నవంబరు 26న రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ డీఎన్ఏ వేలిముద్రలతో దానికి ఇంటింటా పేరొచ్చింది. అయితే మా బోటి ఊళ్లవాళ్లకు ఎక్కువ పనికొచ్చే పని 2020లో జరిగిందని నా నమ్మకం.

కరోనాను పట్టే ఆర్టీపీసీఆర్ పరీక్షలో వైరస్ ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి, చుట్టుచుట్టుకూ రెట్టింపు చేస్తారు. 30 చుట్లు సజావుగా సాగితే ఒక్క ప్రతి వంద కోట్లు దాటుతుంది. అంత సూక్ష్మమైన పరీక్షకు అడ్డంకులు చాలా మామూలువి. ముక్కులోంచి తీసిన పుల్లను ప్రత్యేక ద్రవంలో ముంచి, గొట్టం ఒలక్కుండా, చల్లదనం పోకుండా ఐసు పెట్టెలో పంపాలి. ల్యాబుకు చేరాక ఆర్ఎన్ఏను విడదీయడానికి కిట్లు కావాలి, గంటల సమయం కావాలి.

సీసీఎంబీ వాళ్లు ఆ ద్రవాన్నీ, ఆర్ఎన్ఏను విడదీసే పనినీ తీసేశారు. పుల్లను పొడిగానే ఉత్త గొట్టంలో పెట్టి పంపితే చాలు. ల్యాబులో దాన్ని టీఈ బఫర్ అనే ద్రావణంలో ఉంచి, 98 డిగ్రీల సెల్సియస్ దగ్గర 6 నిమిషాలు వేడి చేస్తారు. వైరస్ చస్తుంది, పొర విచ్చుకుని ఆర్ఎన్ఏ బయటికొస్తుంది. ఆ ద్రావణపు చుక్కనే నేరుగా యంత్రంలో పెడతారు. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీనికి ఆమోదం తెలిపింది. కొత్త యంత్రం కొనే పని లేదు. ఉన్నదానితోనే ఎక్కువ మందికి, తక్కువ ఖర్చుతో పరీక్ష చేయొచ్చు. ఇంత సాదాసీదా ఆలోచనను నేను గొప్ప విజ్ఞానమనే అంటాను.

అదే ఏడాది సీసీఎంబీ వాళ్లు భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)తో కలిసి హైదరాబాదు మురుగునీటిని పరీక్షించారు. సోకినవారి మలంలో వైరస్ శకలాలు 35 రోజుల దాకా రావచ్చు కాబట్టి, శుద్ధి కేంద్రాలకు చేరే నీటిని చూస్తే ఊరి పరిస్థితి తెలుస్తుంది. అలా సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా వేశారు. లక్షణాలు లేక ఆస్పత్రి గడప తొక్కనివారు కూడా ఆ లెక్కలోకి వచ్చారు.

ఇక్కడే నాకొక కోరిక ఉంది. ఈ పద్ధతికి భూగర్భ మురుగు గొట్టాలు కావాలి, అవన్నీ ఒకచోటికి చేరాలి. మా మెట్ట ఊళ్లలో ఉన్నవి సెప్టిక్ ట్యాంకులు, వీధి కాలువలు. మామిడి కోతల కాలంలో తోటల్లోకి కూలీలు, లారీలు, వ్యాపారులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ రాకపోకల వేళ సెప్టిక్ ట్యాంకు లారీల నుంచో, బడి, సంత, బస్టాండు మరుగుదొడ్ల నుంచో నమూనాలు తీసే పద్ధతి రూపొందితే, జ్వరాలు ముదరకముందే కబురందుతుంది. పుల్లకు ద్రవం అక్కర్లేకుండా చేసినవాళ్లు దీనికీ దారి చూపగలరు. రెండో యాభయ్యేళ్ల పని చింతలపూడి లాంటి ఊరి నుంచి మొదలుపెట్టమని సీసీఎంబీని అడుగుతున్నాను.