కొండ పాట, రేడియో దారి: అరకు లోయ సంగీత ప్రసారాల చరిత్రలో ఒక అధ్యాయం

తూర్పు కనుమల్లో సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, తరతరాలుగా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండి, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతపు పాటల చరిత్రకు అంతకన్నా ముఖ్యమైన సరిహద్దు 1936లో పడింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అప్పటిదాకా విశాఖపట్నం ఏజెన్సీలో కలిసి ఉన్న జయపురం, కోరాపుట్ కొండలు అటు వెళ్లగా, అరకు, పాడేరు కొండలు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. గీతకు రెండు వైపులా ఉన్నది మాత్రం ఒకే జనం. వియ్యాలూ సంతలూ ఆగలేదు, పాటలూ ఆగలేదు. ఈ లోయకు రేడియో ఎటు నుంచి వచ్చింది, ఏ భాషలో వచ్చింది, అందులో పాట ఎవరి నోట వినిపించాలి అన్న ప్రశ్నలన్నిటికీ మూలం ఈ విభజనలోనే ఉంది.

అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి మండలాల్లో బగత, కొండదొర, కోటియా, వాల్మీకి, కోందు, గదబ, పోర్జ, కమ్మర, మూకదొర తెగలవారు పక్కపక్క ఊళ్లలో నివసిస్తారు. కోందుల కువి, కొండదొరల కుబి ద్రావిడ భాషలు. వాల్మీకులలో చాలామంది మాట్లాడే కుపియా ఇండో ఆర్య భాష. గదబలలో ఒక శాఖ వారి గుతోబ్ ముండా కుటుంబానికి, మరో శాఖ వారి ఒల్లారి ద్రావిడ కుటుంబానికి చెందుతాయి. వీరందరినీ సంతలో కలిపే భాష ఆదివాసీ ఒరియా, కోరాపుట్ వైపు దీన్నే దేశియా అంటారు. బడిలోనూ కచేరీలోనూ తెలుగు నడుస్తుంది. కొండదొరల భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి రాసిన వ్యాకరణ గ్రంథం 1969లో అచ్చయింది కాబట్టి కుబి పేరు పండితలోకానికి తెలిసిందిగానీ, పుస్తకంలోకి ఎక్కిన భాష గాలిలోకి ఎక్కడం వేరే సంగతి.

ఈ కొండల్లో పాట పాడేవారు ఒకవైపు, వినేవారు మరోవైపు ఉండే పద్ధతి లేదు. థింసా అన్నది అందరికీ తెలిసిన పేరే అయినా, దాన్ని ఒకే నృత్యంగా భావించడం బయటివారి అలవాటు. గ్రామదేవతను కొలిచే సందర్భంలో ఆడే బోడ థింసా వేరు, ఆకులు కోసే పనిని అనుకరించే పోతర్ తోల థింసా వేరు, పులి భయాన్ని చూపే బాగ్ థింసా వేరు, భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఆడే కుండ థింసా వేరు; ఇవి కాక గుండేరి, గొడ్డిబేట, నాటికారి, బాయ అనే రకాలూ ఉన్నాయి. ఆడవాళ్లు వెనుక నుంచి ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు పెనవేసి గొలుసుగా కదులుతూ ఉంటే, మగవాళ్లు డప్పు, తుడుము, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు, అన్నిటి మీదా సన్నాయి వంటి ఊదు వాద్యమైన మోరి తీగలా సాగుతుంది. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్లగా, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి, పాడుతూ ఆడుతూ, వచ్చేపోయే వారిని ఆపి డబ్బు అడుగుతారు. ఏ వరస ఏ నెలదో, ఏ పాట ఎవరింటి ముందు పాడకూడదో తెలిసినవారే గుంపులో ముందు గొంతెత్తుతారు, తక్కినవారు అందుకుంటారు. ముందు గొంతెత్తే ఆ మనిషి పాటకు కాపరి. రేడియో చరిత్రలో ఈ కాపరికి చోటు ఎప్పుడు దొరికింది, ఎప్పుడు దొరకలేదు అన్నదే ఈ వ్యాసంలో ప్రధాన విషయం.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో, జయపురం కేంద్రం 1964లో మొదలయ్యాయి. ఈ రెండింటి మధ్యనా అరకు లోయ ఉంది. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని దూరం పోగలవు, రాత్రివేళ పై వాతావరణం నుంచి వెనక్కి తిరిగి వచ్చి ఇంకా దూరం చేరగలవు. అందుచేత కొండల మధ్య పల్లెల్లో కూడా బ్యాటరీ రేడియో పలికేది. విశాఖ తెలుగులో పలికితే, జయపురం ఒరియాలో పలికింది. సంత భాష ఆదివాసీ ఒరియా అయిన ఊళ్లలో, మాటను బట్టి చూస్తే సొంత రాష్ట్రపు కేంద్రం కన్నా పొరుగు రాష్ట్రపు కేంద్రం దగ్గరగా ఉండటం సహజం.

ఆకాశవాణి కొండ పాటకు చేసిన మేలు చిన్నది కాదు. జానపద కళాకారులను పిలిచి, స్వర పరీక్ష జరిపి, శ్రేణి నిర్ణయించి, పాటకు పారితోషికం ఇచ్చే ఏర్పాటు ఒకటుందని చాలా జానపద బృందాలకు రేడియో ద్వారానే తెలిసింది. ఆదిలాబాద్‌లో 1986లో మొదలైన కేంద్రం గోండి భాషలో కార్యక్రమాలు ఇవ్వడం, ఆదివాసీ భాషకు ప్రభుత్వ రేడియోలో చోటు ఉండగలదని నిరూపించింది. అయినా స్టూడియో పద్ధతికి తనదైన పరిమితి ఉంది. రాత్రంతా సాగే పాట కొన్ని నిమిషాలకు కుదించుకోవాలి. వలయంగా తిరిగే గుంపు మైకు ముందు నిలబడాలి. చైత్రపు పాటను కార్తీకంలో రికార్డు చేసి పుష్యంలో వినిపించినా అడిగేవారు ఉండరు. అన్నిటికన్నా పెద్ద లోటు, పాటకు ముందు రెండు మాటలు చెప్పే వ్యాఖ్యాత ఆ పాట పుట్టిన ఊరివాడు కాకపోవడం. "గిరిజన గీతం" అన్న ఒక్క మాటతో గదబ పాటా కోందు పాటా ఒకటైపోతే, వినేవాడికి స్వరం అందుతుందిగానీ పాట అందదు.

ఈ లోటును తీర్చగల చట్టపరమైన దారి తెరవడంలో ఒక తెలుగు న్యాయమూర్తి పాత్ర ఉంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల వివాదంలో తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ఆ తీర్పులు రాసినవారు జస్టిస్ పి. బి. సావంత్, తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి. అయినా 2002 చివరలో గానీ విద్యాసంస్థలకు, 2006 చివరలో గానీ స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతులు ఇచ్చే విధానం రాలేదు. కమ్యూనిటీ రేడియో అంటే లాభాపేక్ష లేని సంస్థ ఒకటి, చుట్టుపక్కల పల్లెల కోసం, ఆ పల్లెల వారితోనే నడిపే చిన్న ఎఫ్.ఎం. కేంద్రం. ప్రసార యంత్రం శక్తి సాధారణంగా 50 వాట్లు. స్తంభం ఎత్తు 30 మీటర్లు మించరాదు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారు కావాలి, వీలైనంత వరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలి. ఆదివాసీ ప్రాంతాలకు ఈ చివరి నియమం కన్నా విలువైనది ఆ విధానంలో మరొకటి లేదు.

శ్రోతలే వ్యాఖ్యాతలు కావడం ప్రపంచంలో కొత్త కాదు. అమెరికాలోని బర్క్‌లీలో 1949లో మొదలైన కె.పి.ఎఫ్.ఎ. కేంద్రం శ్రోతల చందాలతో, స్వచ్ఛందంగా వచ్చి పాటలు పరిచయం చేసేవారి శ్రమతో నిలబడింది. అక్కడ వ్యాఖ్యాత తన ఇంట్లోని రికార్డులు తెచ్చి వినిపించేవాడు. తెలుగు నేల మీద ఈ పనికి వచ్చిన రూపం మరొకటి, అది ఇంకా లోతైనది.

మెదక్ జిల్లా (నేటి సంగారెడ్డి జిల్లా) జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఆధ్వర్యంలో సంగం రేడియో 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం ప్రారంభించింది. ప్రారంభించినవారు 1995 తీర్పు రాసిన జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాని నిర్వాహకులుగా దేశమంతటా పేరు పొందారు. అనుమతి రావడానికి ఎన్నో ఏళ్ల ముందే స్టూడియో సిద్ధమైంది. అప్పటివరకు వారు ఊరూరా పాటలు, మాటలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించేవారు. గాలిలోకి పంపకుండా ఒక గుంపుకు మాత్రమే వినిపించే ఈ పద్ధతిని పరిమిత ప్రసారం అనవచ్చు. విత్తనం, కలుపు, కోత, పండుగ, పెళ్లి అనే వరుసలో పాట కాలానికి కట్టుబడి వస్తుంది. పొలం పనులు ముగిసిన సాయంత్రం వేళ ప్రసారం సాగుతుంది. పాడిన ముసలమ్మా విన్న కోడలూ ఒకే సంఘంలో సభ్యులు. పాట కాపరికే మైకు చేతికి వచ్చిన తొలి తెలుగు సందర్భంగా మాచనూరును చెప్పుకోవడం అతిశయోక్తి కాదు.

అరకు కొండలకు రక్తసంబంధం ఉన్న కేంద్రం మాత్రం కోరాపుట్‌లో ఉంది. సోవా అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆ కమ్యూనిటీ రేడియో పేరే రేడియో థింసా. 1936లో విడిపోయిన కొండల్లో ఆవలి భాగం, ఉభయుల నృత్యం పేరునే తన కేంద్రానికి పెట్టుకోవడం ఈ ప్రాంత చరిత్ర తెలిసినవారికి ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే అరకు నుంచి కోరాపుట్ సుమారు వంద కిలోమీటర్ల దూరం, ఎఫ్.ఎం. తరంగం చూపు మేర తిన్నగా పోయేదే తప్ప మీడియం వేవ్‌లా దూరాలు దాటేది కాదు కనుక, 50 వాట్ల కేంద్రం మాట పది పదిహేను కిలోమీటర్లు దాటి వినిపించడం అరుదు. నృత్యం పేరు సరిహద్దు దాటినా, ఆ పేరున్న రేడియో దాటలేదు.

నేటి అరకు యువకులు ఆదివాసీ ఒరియాలో పాటలు కట్టి, కీబోర్డు వాద్యంతో రికార్డు చేసి, యూట్యూబ్‌లో పెడుతున్నారు. సంతకు వచ్చిన ప్రతి సెల్‌ఫోన్లోనూ అవి మోగుతున్నాయి. ఆ ఉత్సాహాన్ని తక్కువ చేయడం తగదు, తమ భాషలో పాట ఉండటం చిన్నతనం కాదని ఒక తరం నమ్మడానికి అవే కారణం. కాని ఫోనులో పాటకు ముందు మాట్లాడే మనిషి లేడు. మోరి మీద వచ్చిన ఈ వరస ఏ థింసాదో, కువిలోని ఈ మాటకు కుపియాలో ఏమంటారో, ఈ పాట విత్తనాల పండుగకు ముందు ఎందుకు పాడరో చెప్పవలసినవారు ఊళ్లో పెద్దలు. వారిలో చాలామందికి తెలుగు చదవడం రాకపోయినా పాట చరిత్ర వచ్చు. కొండ ప్రాంతపు రేడియోలో ఇలా జీతం లేకుండా వ్యాఖ్యానించే పెద్దను డబ్బు కలిసివస్తుందని పెట్టుకున్న ప్రత్యామ్నాయంగా చూడకూడదు. గుంపులో ముందు గొంతెత్తే పాత పద్ధతి మైకు ముందుకు రావడంగా చూడాలి. వ్యాఖ్యానం ఆదివాసీ ఒరియాలో, పాట ఏ తెగది ఆ భాషలో ఉంటే, సంతలో ఇప్పటికే నడుస్తున్న మర్యాద ప్రసారంలోనూ నిలుస్తుంది.

అటువంటి కేంద్రం పెట్టినా మరో చిక్కు ఉంది: మైదానంలో ఒక స్తంభం చుట్టూ గుండ్రంగా వినిపించే ప్రసారం, లోయలో ఒక వైపు సాగి మరో వైపు గట్టుకు తగిలి ఆగిపోతుంది. గట్టు వెనుక నీడలో పడే ఊళ్లలోనే కోందు, గదబ, పోర్జ గూడేలు ఎక్కువ. స్తంభం ఏ కొండ మీద నాటినా వాటిలో కొన్ని మిగిలిపోతాయి. అటువంటి ఊళ్లకు మాచనూరు స్త్రీలు అనుమతికి ముందు చేసిన పనే దారి: పాటను రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, నెల, సందర్భం ముందుగా చెప్పించి, ఫోనులోనో పెట్టెలోనో వేసుకుని కాలిబాటన గట్టు దాటి, సాయంత్రం ఊరి నడుమ అందరినీ కూర్చోబెట్టి వినిపించడం, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఊరి పాటను రికార్డు చేసుకుని తేవడం.