ముఖం ఎర్రబారడం

సిగ్గు, బెరుకు, అవమానం, కోపం వంటి భావాలు కలిగినప్పుడు ముఖచర్మం కింద ఉన్న సన్నని రక్తనాళాలు వ్యాకోచించి బుగ్గలు, చెవులు, మెడ కొద్దిసేపు ఎరుపెక్కుతాయి. దీనినే ముఖం ఎర్రబారడం అంటారు. ఇది సహజమైన శారీరక స్పందన, వ్యాధి కాదు. అయితే కొందరిలో ఇది స్వల్ప కారణానికే, పదేపదే, తీవ్రంగా వచ్చి చదువుకు, ఉద్యోగానికి, నలుగురిలో మసలడానికి ఆటంకమవుతుంది. ఎర్రబారుతానేమోనన్న భయమే ప్రధాన బాధగా మారితే దానిని ఎరిత్రోఫోబియా అంటారు. దీనికి మాటల ద్వారా చేసే చికిత్స, మందులు, చివరి మార్గంగా శస్త్రచికిత్స ఉన్నాయి. శస్త్రచికిత్స ద్వారా నాడిని కత్తిరించిన తరువాత పూర్వస్థితికి తీసుకురావడం దాదాపు అసాధ్యం. కనుక, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం వంటి ఉక్కపోత ప్రాంతాలవారు, లాభనష్టాలను బాగా తూచుకొని నిర్ణయించుకోవలసి ఉంటుంది.

తెలుగులో పేర్లు

ఈ స్థితికి తెలుగులో సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలు ఉన్నాయి. సిగ్గుతో బుగ్గలు ఎరుపెక్కుతాయి లేదా కెంపెక్కుతాయి. ఎండకు ముఖం కందిపోతుంది. కోపంతో ముఖం జేవురిస్తుంది. ఈ మాటకు మూలమైన జేవురు లేక జేగురు అంటే ఎర్రమన్ను. కోపం ఎక్కువైతే ముఖం కందగడ్డ అయిందంటారు. ఈ భేదాలు వైద్యునికి కూడా ఉపయోగపడతాయి. ఎరుపు భావోద్వేగం వలన వచ్చిందా, వేడి వలన వచ్చిందా, చర్మవ్యాధి వలన వచ్చిందా అన్నదే మొదట తేల్చవలసిన విషయం.

శరీరంలో జరిగేది

మన ఇచ్ఛతో పనిలేకుండా గుండె వేగాన్ని, చెమటను, రక్తనాళాల వెడల్పును అదుపు చేసేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. అందులో ఒక భాగమైన సహానుభూత నాడీ వ్యవస్థ ఉద్వేగ సమయంలో చురుకుగా పనిచేస్తుంది. శరీరంలోని ఇతర భాగాలలో చర్మపు రక్తనాళాలను ఇది సాధారణంగా సంకోచింపజేస్తుంది. ముఖంలో మాత్రం వాటిని వ్యాకోచింపజేయగలదు. ముఖపు సిరలలో ఉన్న బీటా గ్రాహకాలు ఇందుకు ఒక కారణమని పరిశోధకులు గుర్తించారు. ఇది ఇచ్ఛాధీనం కాదు కనుక "ఎర్రబడకు" అని ఎంత గట్టిగా అనుకున్నా ఆగదు.

చరిత్ర

ఆంగ్ల వైద్యుడు థామస్ బర్జెస్ 1839లో ఈ విషయంపై ఒక గ్రంథం ప్రచురించాడు. చార్లెస్ డార్విన్ 1872లో వెలువరించిన, మనుషులలోను జంతువులలోను భావోద్వేగాల ప్రకటన గురించిన గ్రంథంలో ఒక అధ్యాయాన్ని దీనికే కేటాయించాడు. మానవ భావప్రకటనలన్నిటిలోను ఇదే అత్యంత విశిష్టమైనదని భావించాడు. ఇతరులు తనను గమనిస్తున్నారన్న స్పృహే దీనికి మూలమని అతని అభిప్రాయం. జపాను మనోవైద్యంలో ఎదుటివారి ముందు ముఖం ఎర్రబారుతుందన్న భయానికి సెకిమెన్ క్యోఫు అనే ప్రత్యేకమైన పేరు ఉంది.

చామనచాయ, నలుపు వర్ణం వారిలో

చర్మపు రంగు ముదురుగా ఉన్నవారిలో ఎరుపు పైకి అంతగా కనిపించదు కాని, రక్తప్రసరణ పెరగడం, ముఖం వేడెక్కడం జరుగుతాయి. ఒక నల్లజాతి స్త్రీని నిందించినప్పుడల్లా ఆమె ముఖంపై ఉన్న గాయపు మచ్చ ఎర్రబారేదని బర్జెస్ గమనించాడు. డార్విన్ ఈ పరిశీలనను ఉదహరించాడు. కనుక మన ప్రాంతంలో ఈ బాధ ఉన్న వ్యక్తి "ముఖం మండిపోతోంది, చెవులు వేడెక్కుతున్నాయి" అని చెబితే, ఎరుపు కనిపించలేదని కొట్టివేయరాదు.

భయము, ఎరుపు: ఒక వలయం

తరగతిలో నిలబడి జవాబు చెప్పడం, మౌఖిక పరీక్ష, ఉద్యోగపు ముఖాముఖి, పెళ్ళిచూపులు వంటి సందర్భాలలో అందరి చూపు ఒక్కరి ముఖం మీదే ఉంటుంది. అప్పుడు ఎర్రబారుతానేమోనన్న భయం కలుగుతుంది, భయం వలన ఎరుపు వస్తుంది, ఎవరైనా "ఎందుకలా అయిపోయావు?" అని అడిగితే అది మరింత పెరుగుతుంది. కొంతకాలానికి ఆ వ్యక్తి అటువంటి సందర్భాలనే తప్పించుకోవడం మొదలుపెడతాడు. ఇది సామాజిక ఆందోళన రుగ్మతలో భాగం కావచ్చు.

ముఖం ఎర్రబారడం తప్పు చేసినదానికి రుజువు కాదు. తరగతిలో ఏదైనా వస్తువు పోయినప్పుడు నిర్దోషి అయిన విద్యార్థి ముఖం కూడా అందరి ఎదుట ప్రశ్నించగానే ఎర్రబడవచ్చు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఇతర కారణాలు

చికిత్సకు ముందు ఈ క్రింది కారణాలు లేవని నిర్ధారించుకోవాలి.

* రోసేసియా: ముఖం మధ్యభాగంలో నిలిచి ఉండే ఎరుపు, సన్నని రక్తనాళాలు, కురుపులు.
* స్టెరాయిడ్ పూతమందులు: తెల్లబడటానికని, మొటిమలకని నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడి ఎర్రబడుతుంది. 2018లో భారత ప్రభుత్వం ఇటువంటి పలు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది.
* కుష్ఠువ్యాధి: ముఖంపై నిలిచిపోయే ఎర్రని, ఉబ్బెత్తు మచ్చలు, స్పర్శ తగ్గడం. బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం.
* ల్యూపస్: ముక్కుకు ఇరువైపులా బుగ్గలపై నిలిచి ఉండే ఎర్రని దద్దురు.
* ముట్లుడిగే వయసులో వచ్చే వేడి ఆవిర్లు.
* మద్యం, నియాసిన్, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి మందులు.
* అరుదుగా కార్సినాయిడ్ వంటి కంతులు. వీటిలో విరేచనాలు, ఆయాసం కూడా ఉండవచ్చు.

శస్త్రచికిత్స లేకుండా చికిత్స

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో రోగి తన భయాలను పరీక్షించుకుంటాడు. తప్పించుకుంటున్న సందర్భాలను కొంచెం కొంచెంగా ఎదుర్కొంటాడు. తన ముఖంపై నిలిచిన ధ్యాసను ఎదుటివారి మాటల మీదికి, చేస్తున్న పని మీదికి మళ్ళించే అభ్యాసం కూడా ఉపయోగకరం. ఎరుపును పూర్తిగా ఆపడం దీని ఉద్దేశం కాదు. ఎరుపు వచ్చినా పని ఆగకుండా చూడటమే లక్ష్యం.

మందులలో ప్రొప్రనలాల్‌ను కొన్ని సందర్భాలకు ముందు వాడతారు. ఉబ్బసం ఉన్నవారు దీనిని వాడరాదు. సామాజిక ఆందోళన ఉన్నవారికి సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఇస్తారు. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, హఠాత్తుగా మానరాదు. ఏ మందైనా వైద్యుని సలహాపైనే వాడవలెను.

శస్త్రచికిత్స

దీనిని ఎండోస్కోపిక్ థొరాసిక్ సింపథెక్టమీ అంటారు. పూర్తి మత్తు ఇచ్చి, చంకల వద్ద చిన్న గాట్ల ద్వారా కెమెరా గొట్టాన్ని ఛాతీలోకి పంపి, వెన్నెముక పక్కన ఉండే సహానుభూత నాడీ గొలుసును కత్తిరిస్తారు లేదా క్లిప్పుతో నొక్కివేస్తారు. అరచేతుల చెమటకు కూడా ఇదే పద్ధతి వాడతారు. ముఖపు ఎరుపునకు సాధారణంగా రెండవ పక్కటెముక స్థాయిలో చేస్తారు. 1990వ దశకంలో స్వీడన్ వైద్యులు దీనిని ముఖపు ఎరుపునకు విస్తృతంగా చేశారు.

చేయించుకున్నవారిలో చాలామందికి ఎరుపు తగ్గుతుంది. అయితే దుష్ఫలితాలు కూడా తేలికైనవి కావు.

* పరిహార స్వేదం: ముఖం, చేతులలో తగ్గిన చెమటకు బదులుగా వీపు, ఛాతీ, పొట్ట, తొడలపై అధికంగా చెమట పోయడం. ఇది అతి సాధారణం. కొందరిలో రోజుకు అనేకసార్లు బట్టలు మార్చుకోవలసి వస్తుంది.
* భోజన సమయంలో ముఖాన చెమట, అరచేతులు పొడిబారడం, గుండె వేగం తగ్గడం.
* హార్నర్ సిండ్రోమ్: ఒకవైపు కనురెప్ప వాలి, కనుపాప చిన్నదవడం.
* ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, రక్తస్రావం.
* కొంతకాలానికి ఎరుపు తిరిగి రావడం.

క్లిప్పును తీసివేస్తే అంతా పూర్వస్థితికి వస్తుందన్న హామీ లేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో వెలువరించిన మార్గదర్శకం ప్రకారం, ఇతర చికిత్సలకు లొంగని, జీవనాన్ని కుంటుపరిచే తీవ్రత ఉన్నవారికి మాత్రమే దీనిని పరిశీలించాలి. చేయించుకొని పశ్చాత్తాపపడినవారు కూడా ఉన్నారని ఆ మార్గదర్శకం హెచ్చరించింది.

ఉత్తరాంధ్ర వాతావరణంతో సంబంధం

చల్లని దేశాలలో వెలువడిన ఫలితాలను మన తీరానికి యథాతథంగా అన్వయించుకోరాదు. ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు సముద్రతీర గ్రామాలలో వేసవిలో గాలిలో తేమ ఎక్కువగా ఉండి చెమట త్వరగా ఆరదు. వరిచేలలోను, జీడితోటలలోను, పడవలపైన పనిచేసేవారికి, ఒంటిపై చెమట మరింత పెరిగితే జీవనోపాధికే ఇబ్బంది కావచ్చు. కొద్ది నిమిషాలలో పోయే ఎరుపునకు బదులు జీవితాంతం ఉండే చెమట రావచ్చు. మూత్రపిండాల వ్యాధి విస్తరించిన ఉద్దానం వంటి చోట్ల, నీరు అధికంగా కోల్పోయే అవకాశం గురించి వైద్యునితో తప్పక చర్చించాలి.

నిర్ణయానికి ముందు

# ఎరుపునకు వేరే కారణం లేదని చర్మవైద్యుడు నిర్ధారించాడా?
# మానసిక చికిత్సను, మందులను తగినంత కాలం ప్రయత్నించానా?
# బాధిస్తున్నది ఎరుపా, ఎరుపును గురించిన భయమా?
# వైద్యుడు ఇటువంటి శస్త్రచికిత్సలు ఎన్ని చేశాడు? వారిలో ఎందరికి పరిహార స్వేదం వచ్చింది?
# ఒంటిపై చెమట శాశ్వతంగా పెరిగితే నా వృత్తి సాగుతుందా?

పరీక్షలకో, పెళ్ళికో ముందు తొందరపడి నిర్ణయించుకోవడం మంచిది కాదు.

వైద్య సదుపాయాలు

శ్రీకాకుళంలోని ప్రభుత్వ వైద్య కళాశాల, రాగోలులోని జెమ్స్, నెల్లిమర్లలోని మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, 2023లో ప్రారంభమైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఈ ప్రాంతపు బోధనా వైద్య సంస్థలు. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. సాలూరులో కుష్ఠువ్యాధి ఆసుపత్రి కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ బాధ వలన జీవితంపై విరక్తి కలిగినవారు ఆలస్యం చేయక ఈ సేవను గాని, దగ్గరలోని వైద్యుని గాని సంప్రదించవలెను.

ఇవి కూడా చూడండి

* నాడీ వ్యవస్థ
* చర్మము
* చెమట
* మానసిక ఆందోళన
* కుష్ఠువ్యాధి